మట్టిని కొలిచి ఇచ్చిన కూలి

1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు పడింది. మన మరాఠ్వాడాకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. పొలాల్లో పని లేదు. అప్పుడే రాష్ట్ర ప్రభుత్వం రోజ్‌గార్ హమీ యోజన మొదలుపెట్టింది. దాని వెనుక ముఖ్యంగా ఉన్నవారు విధాన పరిషత్ అధ్యక్షులు వి.ఎస్. పాగే. 1977లో దీనికి చట్టం చేశారు, 1979 జనవరి 26 నుంచి అది అమలైంది. చెరువు కట్టలు, రోడ్లు, రాళ్లు కొట్టడం... అన్ని పనులకూ ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు.

ఇందులో నాకు నచ్చిన విషయం కూలి లెక్క. రోజుకింత అని కాకుండా చేసిన పనిని కొలిచి ఇచ్చేవారు. ఆడవాళ్లకు ఒక రేటు, మగవాళ్లకు ఒక రేటు లేదు. మా నాయనమ్మ చెరువు కట్ట మీద మట్టి మోసింది. "మేస్త్రీ టేపు పట్టి గుంత కొలిచేటోడు. టేపుకు ఆడ, మగ ఏం తెలుస్తది?" అంటుంది. అయితే ఇద్దరి కూలీ మా తాత పేరు మీదే రాసేవారట! అది వేరే సంగతి.

మరి దేశంలో ఏం జరిగింది? సమాన పనికి సమాన వేతనం అని రాజ్యాంగం 39(డి) అధికరణంలో 1950లోనే ఉంది. కానీ అది ఆదేశిక సూత్రం, దాని కోసం నేరుగా కోర్టుకు పోలేం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందాన్ని మన దేశం 1958లో ఆమోదించింది. అయినా చట్టం రాలేదు. చివరికి అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో, సెప్టెంబర్ 26న, ఆర్డినెన్స్ వచ్చింది. 1976లో అది సమాన వేతన చట్టమైంది. అంటే పాతికేళ్లు పట్టిందన్నమాట. ఇది చాలా ఆలస్యమని నా అభిప్రాయం.

ఆ చట్టం "ఒకే పని లేదా అదే రకం పని" అంటుంది. చిక్కంతా ఇక్కడే. పనికి పేరు మారిస్తే కూలి మార్చవచ్చు గదా! బొంబాయిలో మెకిన్నన్ మెకంజీ కంపెనీ అదే వాదించింది. మహిళా స్టెనోగ్రాఫర్లది వేరే రకం పని అంది. ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని పోరాడింది. చేసే పనిని చూడాలి, కంపెనీకి డబ్బు లేదన్నది సాకు కాదు అని 1987లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది.

ఆఫీసులో సరే, పొలంలో ఎట్లా? మా వైపు పత్తి, సోయాబీన్ చేలల్లో కలుపు తీసేది ఆడవాళ్లు, మందు కొట్టేది మగవాళ్లు. మందు కొట్టే కూలి ఎక్కువ. ఎందుకని అడిగితే అది కష్టమైన పని అంటారు. రోజంతా నడుం వంచి కలుపు తీయడం ఎంత కష్టమో మా నాయనమ్మను అడగాలి.

2019 వేతనాల కోడ్‌లో కూడా ఆ పాత మాటలే ఉన్నాయి. రెండు పనులు ఒకే రకమా కాదా అన్న తగాదా వస్తే, ప్రభుత్వం నియమించిన అధికారి తేల్చాలని అందులో రాశారు. కలుపు తీసేవాళ్లలో నేను అడిగినవాళ్లెవరికీ అలాంటి అధికారి ఉంటాడని తెలియదు.