హార్డ్ డిస్క్ విభజన: చారిత్రక పరిణామం

ఒకే కంప్యూటర్‌లో విండోస్‌ను ఉంచుకుంటూనే లినక్స్‌ను కూడా చేర్చుకోవాలంటే సాధారణంగా ముందు హార్డ్ డిస్క్‌ను భాగాలు చేయాలి. ఇది కేవలం సాంకేతిక ప్రక్రియగా కనిపిస్తుంది. కాని డిస్క్‌పై అధికారం ఎవరిదన్న ప్రశ్న దీని చరిత్ర పొడవునా వినిపిస్తుంది.

1. నేపథ్యం

1981లో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ లేదు. ఫ్లాపీ మారిస్తే ఆపరేటింగ్ సిస్టమ్ మారేది. 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌ను స్థిరంగా అమర్చారు. అప్పటికి డాస్‌తో పాటు సీపీ/ఎం-86 వంటి వ్యవస్థలు కూడా ఉన్నాయి. ఒకే డిస్క్‌ను ఇవన్నీ పంచుకోవడానికి వీలుగా డాస్ 2.0తో పాటు విభజన పట్టిక, దానిని మార్చే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాం వచ్చాయి.

2. పట్టిక స్వరూపం

డిస్క్‌లోని మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్రకు కేటాయించారు. ఒక్కో భాగం వివరానికి 16 బైట్లు అవసరం. కనుక నాలుగు భాగాలకే చోటు దక్కింది.

3. వివాదం

పట్టిక అందరిదీ, బూట్ కోడ్ మాత్రం చివరగా రాసినవారిది. 1991లో లినక్స్ వచ్చాక ఈ తేడా స్పష్టమైంది. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే లినక్స్ ఫైళ్లు భద్రంగానే ఉండేవి, కాని వాటిని చేరే దారి మూసుకుపోయేది.

వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇతర వ్యవస్థలను విండోస్ పక్కన చేర్చి అమ్మకుండా మైక్రోసాఫ్ట్ తన ఒప్పందాలతో తయారీదారులను అడ్డుకుందని ఆరోపిస్తూ, బీఓఎస్ రూపకర్త అయిన బీ సంస్థ 2002లో దావా వేసింది. 2003లో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడింది. అప్పటికే బీఓఎస్ మార్కెట్ నుంచి కనుమరుగైంది. డిస్క్‌లో చోటు ఉన్నంత మాత్రాన ఎంపిక స్వేచ్ఛ ఉన్నట్లు కాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

4. నేటి స్థితి

పాత పట్టిక 32 బిట్ల సెక్టార్ సంఖ్యలనే వాడినందున సుమారు 2 టెరాబైట్లకు మించి చూపలేకపోయింది. దాని స్థానంలో వచ్చిన జీపీటీ సాధారణంగా 128 భాగాలకు చోటిస్తుంది. డిస్క్ చివర పట్టిక నకలును కూడా ఉంచుతుంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో ప్రతి వ్యవస్థ బూట్ ఫైలు ఉమ్మడి విభాగంలో తన ఫోల్డర్‌లో ఉంటుంది. తగవు పూర్తిగా తీరకపోయినా చాలావరకు తగ్గింది. అయితే పట్టికకు నకలు ఉందంటే మన ఫైళ్లకు నకలు ఉన్నట్లు కాదు. విభజనకు ముందు బ్యాకప్ తీసుకోవడం నేటికీ తప్పనిసరి.

మాదిరి ప్రశ్న: విభజన పట్టిక, బూట్ కోడ్‌ల మధ్య భేదం వివాదాలకు ఎలా దారితీసిందో వివరించండి.