పడవలు రాని కాలువ

గోదావరి వైపు రచయిత్రుల జ్ఞాపకాల్లో పడవ ఉంటుంది. పుట్టింటికి పడవ, పురిటికి పడవ. చక్రాయపేట వైపు పుట్టిన ఆడపిల్లకు నీళ్లంటే బిందె. పాపాఘ్ని వానలప్పుడు నాలుగు రోజులు పారితే పారినట్టు, తక్కిన ఏడాదంతా ఇసకే. చెలమ తీసి ముంచుకోవాల్సిందే.

ఇలాంటి కడప జిల్లాకు పడవలు తెస్తామని ఒక కంపెనీ కాలువ తవ్వించింది. అదే ఇవాళ మనం కె.సి. కెనాల్ అంటున్న కర్నూలు-కడప కాలువ. ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరే కాదు, దారి కూడా. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, నీటిని కడపకూ, అక్కణ్ణించి నెల్లూరు తీరానికీ తీసుకుపోతే సరుకంతా నీటిమీదే సముద్రం చేరుతుందని ఆయన లెక్క. అమెరికా అంతర్యుద్ధం (1861-65) వల్ల మాంచెస్టరు మిల్లులు పత్తికి మొహం వాచిపోయిన రోజులవి. 1863లో పని మొదలైంది. కంపెనీ పెట్టిన పది లక్షల పౌన్లకు అయిదు శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వమే. పంట పండినా ఎండినా వాటాదారుల వడ్డీకి మాత్రం ఢోకా లేదన్నమాట.

సుమారు 190 మైళ్లు నడిచి కాలువ కడప దగ్గర ఆగిపోయింది. సముద్రం చేరని కాలువలో స్టీమరు ఎక్కడికి పోతుంది? 1871 నాటికి మద్రాసు రైలు కడప మీదుగా రాయచూరు చేరింది. పత్తి బండ్లు స్టేషన్ల వైపు మళ్లాయి. స్టీమర్లు తిరిగే గోదావరిలో కూడా, నాగపూరు పత్తి కోసం ఎగువన తలపెట్టిన పడవదారిని ఆ ఏడాదే వదిలేశారు.

తర్వాత ధాత కరువు, 1876-78. కడప, కర్నూలు, బళ్లారి మలమల మాడిపోయాయి. కరువు పనుల్లో ఆడవాళ్లూ రాళ్లు కొట్టారు, తట్టలు మోశారు. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ కూలికి కోత పెట్టాడు. రోజంతా ఎండలో పనిచేసిన మగవాడికి ఒక పౌను గింజలు, ఒక అణా. ఆడమనిషికి అంతకన్నా తక్కువ! బాలింతకు ఆకలి తక్కువనా? మద్రాసులో బకింగ్‌హాం కాలువ ముక్కను తవ్వించింది కూడా ఆ కరువు కూలితోనే. కోస్తాకు పోయే పడవల దారి అది.

వడ్డీకి హామీ, కూలికి కోత. రెండూ ఒకే ప్రభుత్వం లెక్కలే. కె.సి. కెనాల్ చరిత్ర రాసినవాళ్లు కంపెనీ నష్టాల గురించి పేజీలు నింపారు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది, వాటాదారులకు సొమ్ము ముట్టింది. 1933లో పడవల మాటను పూర్తిగా వదిలేశారు.

చక్రాయపేట దాకా ఆ కాలువ ఎన్నడూ రాలేదు. పాపాఘ్ని ఇసకలో చెలమలు తీసే పనికి గ్యారంటీ లేదు, కూలీ లేదు.