పితృఋణం, వంశస్మరణ: పడిగె నుంచి ఫోను దాకా

చనిపోయిన పెద్దలను పేరుపెట్టి తలచుకోవడం తెలుగు సమాజంలో తీర్చవలసిన ఋణంగా ఉంటూ వచ్చింది. తర్పణంలో కర్త తన గోత్రం చెప్పుకొని, తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా సంబోధిస్తూ నువ్వులతో నీళ్లు వదులుతాడు. శాస్త్రం అడిగేది మూడు తరాలనే కనుక అంతకు ముందువారి పేర్లు ఇంట్లో నిలవవలసిన అవసరం లేకపోయింది. ఆ పని వేరేవారి చేతికి వెళ్లింది.

2016 జిల్లాల విభజనకు ముందున్న వరంగల్ జిల్లాలో ఆ పనిని ఆశ్రిత కులాలవారు, అంటే ఒక దాతృకులాన్నే నమ్ముకొని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి బతికే కళాకారులు, చేపట్టారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు చేర్యాల నకాశీలు గీసిన పటం ఎదుట కథ చెప్పేవారు. ఏ ఊళ్లలో ఎవరు యాచించాలో మిరాశి హక్కుగా పంచుకొనేవారు. లంబాడీ తండాలకు రబాబుతో వచ్చే ఢాడీలది కూడా ఇదే వృత్తి. మేడారం ప్రాంతపు కోయల్లో గట్టు, అంటే గోత్రాలను కూర్చిన వంశవిభాగం, ఆధారంగా ఇలవేల్పు చరిత్రను గుర్తులతో నింపిన గుడ్డ జెండా ఉంటుంది. దానినే పడిగె అంటారు. దానిని ఎదుట ఉంచి డోలీలవారు పాడతారు. ఆ సంప్రదాయంలో సమ్మక్క సారలమ్మల కథను గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నిజానికి ఈ జ్ఞాపకంలో కుటుంబం కంటే కులమే పెద్దది. మూలపురుషుడి కథ వివరంగా వినిపిస్తుంది గాని, వినేవాడి ముత్తాత తల్లి పేరు అందులో దొరకడం అరుదు.

కుటుంబాల పేర్లను కాగితం మీదికి ఎక్కించినవారు తీర్థపురోహితులు. హరిద్వార్ వంటి క్షేత్రాల్లో పండాలు యాత్రికుల ఊరు, వంశం, వచ్చిన కారణం బహీలనే పొడవాటి పుస్తకాల్లో రాయించుకొనేవారు.

ఈ బహీల మీద కెమెరా పెట్టించినది హిందూ సంస్థ కాదు, అమెరికాలో పుట్టిన మోర్మన్ క్రైస్తవ సంఘం. బాప్తిస్మం లేకుండా మరణించిన పూర్వీకుల పక్షాన బతికున్నవారు ఆ సంస్కారం పొందవచ్చునని 1840లో జోసెఫ్ స్మిత్ బోధించాడు. ఎవరి కోసమో తేల్చనిదే సంస్కారం జరగదు కనుక, ఆ సంఘీయులు 1894లో యూటా వంశచరిత్ర సంఘాన్ని స్థాపించి, 1938లో మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టి, 1999లో ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు తెరిచి, 2021 నాటికి సుమారు 24 లక్షల ఫిల్ము చుట్టలను డిజిటల్ రూపంలోకి మార్చారు. హిందూ యాత్రికుల బహీలు కూడా ఆ నిధిలో చేరాయి. మూడు తరాలతో ఆగే పితృకర్మకూ, అంతు లేకుండా వెనక్కి వెళ్లమనే ఈ విధికీ ఉన్న తేడాయే ఇంత యంత్రాంగానికి కారణమని చెప్పవచ్చు.

ఈ విధి తెలుగువారిలోకీ వచ్చింది. 1978లో ఎడ్విన్ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదు వచ్చి బంధువులకు ఈ మతాన్ని పరిచయం చేశారు. 2012లో దేశంలోని మొదటి స్టేక్, అంటే పలు స్థానిక సంఘాల సముదాయం, హైదరాబాదులోనే ఏర్పడింది. బెంగళూరులో దేవాలయం కడతామని 2018లో ప్రకటించినా, అది పూర్తయ్యే వరకు దేవాలయంలోనే జరిగే ఆ సంస్కారం కోసం దేశం దాటవలసిందే; అయినా పేర్లు వెతికి చేర్చే పనికి మాత్రం ఫోను సరిపోయింది.

అయితే వెబ్‌సైటు గడులు తెలుగు ఇంటి జ్ఞాపకానికి సులభంగా ఒదగవు. తద్దినానికి కావలసింది మాసం, పక్షం, తిథి మాత్రమే. ఏ సంవత్సరమన్నది పురోహితుడు అడగడు. అందువల్ల ముత్తాత పోయింది శ్రావణ బహుళ పంచమి అని తెలిసిన ఇంట్లో ఆ సంవత్సరం తెలియకపోవడం వింత కాదు. ఫోను పంచాంగం పని ఇందుకు తలకిందులు: అది అదే తిథి ఈ ఏడు ఏ తేదీన, ఏ వేళకు ఉందో కాళేశ్వరంలో ఒక రకంగా, డాలస్‌లో మరో రకంగా లెక్క కట్టి చూపుతుంది. విదేశాల్లోని కొడుకులు ఆ లెక్క చూసుకొని, పురోహితుడు వీడియోలో సంకల్పం చెప్పిస్తుండగా తర్పణం వదులుతున్నారు. వంశవృక్షంలో సంవత్సరపు గడి ఖాళీగా ఉన్నా ఆ కర్మకు లోటు రాదు.