పిల్లల్లో కొత్తగా బయటపడే మధుమేహం: అత్యవసర వైద్యం

పిల్లల్లో టైప్-1 మధుమేహం చాలాసార్లు డయాబెటిక్ కీటోఎసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితితోనే తొలిసారి బయటపడుతుంది. వైద్యులు దీన్ని క్లుప్తంగా డీకేఏ అంటారు. ఇన్సులిన్ దాదాపుగా లేకపోవడంతో శరీరం గ్లూకోజ్‌ను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో ఆమ్లతను పెంచుతాయి. మూత్రంలో చక్కెరతో పాటు నీరు, సోడియం, పొటాషియం కూడా పోతాయి. యూరప్, ఉత్తర అమెరికా అధ్యయనాల్లో కొత్త రోగుల్లో డీకేఏతో వచ్చినవారు 15 నుంచి 70 శాతం దాకా కనిపిస్తారు. ఇంత తేడాకు ఒకే కారణం చెప్పలేం గానీ, రోగనిర్ధారణలో జరిగే ఆలస్యం ముఖ్యమైనదని ఎక్కువమంది అంగీకరిస్తారు.

నిర్ధారణ

పిల్లల మధుమేహంపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఇస్పాడ్ మూడు కొలతలు చెబుతుంది. రక్తంలో గ్లూకోజ్ డెసీలీటరుకు 200 మి.గ్రా. దాటాలి. సిర రక్తంలో పీహెచ్ 7.3 కంటే, లేదా బైకార్బొనేట్ లీటరుకు 18 మిల్లీమోళ్ల కంటే తక్కువ ఉండాలి. రక్తంలో గానీ మూత్రంలో గానీ కీటోన్లు తగినంతగా ఉండాలి. బైకార్బొనేట్ హద్దు ఇస్పాడ్ 2018 మార్గదర్శకాల్లో 15గా ఉండేది, 2022లో 18కి పెంచారు. అందువల్ల పాత, కొత్త అధ్యయనాల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో జాగ్రత్త అవసరం. పీహెచ్ 7.1 కన్నా తగ్గితే తీవ్రమైన డీకేఏగా లెక్కిస్తారు.

చరిత్ర

మధుమేహ కోమాలోని రోగి మూత్రంలో అసిటోన్‌ను 1857లో పెటర్స్ గుర్తించాడని చెబుతారు. లోతుగా, ఆగకుండా సాగే శ్వాసను 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ వర్ణించాడు. ఆ శ్వాసను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల మధుమేహ రోగి లెనార్డ్ థామ్సన్‌కు ఇచ్చిన తొలి ఇన్సులిన్ పెద్దగా పనిచేయలేదు. టొరంటో బృందంలోని కాలిప్ శుద్ధి చేసిన మందును జనవరి 23న ఇచ్చాకే చక్కెర, కీటోన్లు అదుపులోకి వచ్చాయి.

ఇన్సులిన్‌ను కనుగొన్న బాంటింగ్, బెస్ట్ ఒక వార్డులో వరుసగా కోమాలో ఉన్న పిల్లలకు సూదిమందు ఇస్తూ పోగా, చివరి పిల్లవాడి దగ్గరకు చేరేలోపే మొదటివాడు కళ్లు తెరిచాడన్న కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. దీనికి సమకాలీన ఆధారం దొరకదు. ఇన్సులిన్ పనిచేసే తీరును బట్టి చూసినా నమ్మడం కష్టం. అంతకంటే బలమైన ఉదంతం, టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో 1922 అక్టోబరులో డాక్టర్ గ్లాడిస్ బాయ్డ్ చికిత్స చేసిన 11 ఏళ్ల బాలికది. కోమా నుంచి బయటపడిన ఆమె తర్వాత మళ్లీ బడికి వెళ్లింది.

1970ల వరకూ కోమాకు భారీ మోతాదుల్లో ఇన్సులిన్ ఇచ్చేవారు. చిన్న మోతాదులు చాలునని 1973లో ఆల్బర్టీ బృందం చూపిన తర్వాత ఆ పద్ధతి క్రమంగా మారింది.

లక్షణాలు, పొరపాట్లు

తెగ దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్క తడిపే అలవాటు మళ్లీ మొదలవడం, తింటున్నా చిక్కిపోవడం తొలి సూచనలు. మూత్రం పోసిన చోట చీమలు పట్టడం ఆయుర్వేద గ్రంథాల కాలం నుంచీ తెలిసిన గుర్తే. తర్వాత వాంతులు, కడుపునొప్పి, మగత, నోటి నుంచి మాగిన పండు వాసన వస్తాయి. వాంతులను అజీర్తిగా, కడుపునొప్పిని అపెండిసైటిస్‌గా, ఆయాసాన్ని న్యుమోనియాగా, దాహాన్ని ఎండ ప్రభావంగా భావించే ప్రమాదం ఉంది. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు, గురగురలు లేకుండా, ఆక్సిజన్ శాతం మామూలుగా ఉంటే డీకేఏను అనుమానించాలి. కడుపునొప్పి చాలామందిలో ఆమ్లత తగ్గేకొద్దీ దానంతటదే తగ్గుతుంది.

నీరసంగా ఉన్న బిడ్డకు షుగర్ చూడకుండానే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం, ఆయాసానికి స్టెరాయిడ్ సూది వేయడం పరిస్థితిని మరింత దిగజారుస్తాయి. వేలి కొస నుంచి తీసిన ఒక్క చుక్క రక్తంతో అనుమానం తీరుతుంది. అయితే వేలికి పంచదార గానీ పండ్ల రసం గానీ అంటి ఉంటే మీటరు తప్పు చూపుతుంది కనుక ముందు చేయి కడగాలి. చక్కెర మీటరు హద్దు దాటితే తెరపై అంకెకు బదులు ‘హై’ అని వస్తుంది. దాన్ని యంత్రం చెడిపోయిందనుకుని పక్కన పెట్టకూడదు.

చికిత్స

మొదట ద్రవం, తర్వాత ఇన్సులిన్ అన్నది ఇందులోని క్రమం. కిలోకు 10 నుంచి 20 మి.లీ. చొప్పున 0.9 శాతం సెలైన్‌ను 20 నుంచి 60 నిమిషాల్లో ఎక్కిస్తారు. మిగతా లోటును 24 నుంచి 48 గంటల్లో పూడుస్తారు. ద్రవం మొదలైన గంట తర్వాతే ఇన్సులిన్ మొదలుపెడతారు. మోతాదు కిలోకు గంటకు 0.05 నుంచి 0.1 యూనిట్. ఒకేసారి పెద్ద మోతాదు ఇవ్వరు.

సాధారణంగా 50 మి.లీ. సెలైన్‌లో 50 యూనిట్లు కలుపుతారు. 20 కిలోల బిడ్డకు సిరంజి పంపును గంటకు 1 నుంచి 2 మి.లీ. వేగంతో అమర్చాల్సి వస్తుంది. ఇన్సులిన్ గొట్టం లోపలి గోడలకు అంటుకుంటుంది కాబట్టి ముందు కొంత మందు గొట్టంలోంచి పోనిచ్చాకే రోగికి కలుపుతారు. పంపు లేని చోట, తేలికపాటి డీకేఏకు చర్మం కింద సూదిమందుతో కూడా చికిత్స సాగించవచ్చు.

రక్త పరీక్షలో మామూలుగా కనిపించినా శరీరంలో పొటాషియం నిల్వలు తరిగే ఉంటాయి. ఇన్సులిన్ పొటాషియంను కణాల్లోకి పంపుతుంది. గుండె లయ తప్పకుండా దాన్ని ద్రవంలో కలిపి ఇస్తారు. గ్లూకోజ్ 250–300కు దిగినప్పుడు ఇన్సులిన్ ఆపరు, ద్రవంలో డెక్స్‌ట్రోజ్ చేరుస్తారు. చికిత్స గురి చక్కెర ఒక్కటే కాదు, కీటోన్లు పోవాలి. బైకార్బొనేట్‌ను మామూలుగా ఇవ్వరు.

మెదడు వాపు

డీకేఏ వచ్చిన పిల్లల్లో సుమారు వెయ్యిలో 3 నుంచి 9 మందికి మెదడు వాపు వస్తుంది. వీరిలో మరణాలు 20–25 శాతం. తలనొప్పి, నాడి మందగించడం, రక్తపోటు పెరగడం, పిలిస్తే పలకడం తగ్గడం దీని సూచనలు. స్కాన్ కోసం ఆగకుండా మానిటాల్ లేదా 3 శాతం సెలైన్ ఇవ్వాలి.

ద్రవం త్వరగా ఎక్కించడమే కారణమని చాలా ఏళ్లు నమ్మారు. 2001లో గ్లేజర్ బృందం జరిపిన పరిశీలనలో కార్బన్ డయాక్సైడ్ పీడనం బాగా తగ్గడం, రక్తంలో యూరియా పెరగడం, బైకార్బొనేట్ వాడకం ప్రమాద సూచికలుగా తేలాయి. 2018లో వెలువడిన అమెరికా ప్రయోగంలో 13 కేంద్రాల్లో 1,389 డీకేఏ సంఘటనలను పరిశీలించారు. ద్రవ వేగం, అందులోని సోడియం గాఢత మెదడుపై చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. అయితే వచ్చేసరికే స్పృహ బాగా తగ్గిన పిల్లలు ఈ ప్రయోగంలో తక్కువ. కాబట్టి ద్రవ వేగానిదే తప్పన్న పాత అభిప్రాయం బలహీనపడిందని చెప్పవచ్చు, పూర్తిగా తొలగిందని చెప్పలేం. మెదడుకు రక్తప్రసరణ తగ్గి, తిరిగి పుంజుకునే క్రమంలో జరిగే నష్టమే ఇందుకు మూలమన్న వివరణ వైపే ఇప్పుడు మొగ్గు కనిపిస్తోంది.

నివారణ

ఇటలీలోని పార్మా ప్రాంతంలో బడుల్లో, వైద్యుల దగ్గర పక్క తడపడం, దాహం గురించి పోస్టర్లు పెట్టారు. కొత్త రోగుల్లో డీకేఏ 78 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గిందని 1999లో ప్రకటించారు. చిన్న ప్రాంతం కాబట్టి అదే ఫలితం అంతటా రాకపోవచ్చు, వేరేచోట్ల ప్రచారాలకు మిశ్రమ ఫలితాలే వచ్చాయి. ఆలస్యం ప్రభావం ఎంతటిదో కోవిడ్ కాలం చూపింది. జర్మనీలో 2019 వసంతంలో 24.5 శాతం ఉన్న డీకేఏ, 2020 మార్చి–మే మధ్య 44.7 శాతానికి పెరిగింది.

భారతదేశంలో 20 ఏళ్లలోపు టైప్-1 రోగులు 2021 అంచనాలో సుమారు 2.29 లక్షలు, ప్రపంచంలోనే అత్యధికం. భారత వైద్య పరిశోధన మండలి యువ మధుమేహ రిజిస్ట్రీని 2006లో మొదలుపెట్టి, టైప్-1 మార్గదర్శకాలను 2022లో విడుదల చేసింది. తెలుగు గ్రామాల్లో బిడ్డను మొదట చూసేది చాలాసార్లు ఆర్‌ఎంపీ వైద్యుడో, ఆశా కార్యకర్తో. అందుకే వాంతులతో, ఆయాసంతో వచ్చిన ప్రతి బిడ్డకూ సెలైన్ కంటే ముందే షుగర్ చూడాలన్న నియమం పెద్దాసుపత్రి కంటే ఊరి స్థాయిలోనే ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది.

కోలుకున్న కొన్ని వారాలకు ఇన్సులిన్ అవసరం తగ్గే దశ కొందరిలో వస్తుంది. దీన్ని హనీమూన్ దశ అంటారు. రోగం నయమైందనుకునో, పసరు మందు పనిచేసిందనుకునో సూదిమందు మానేస్తే డీకేఏ తిరగబెడుతుంది. డిశ్చార్జి రోజునే ఈ మాట తల్లిదండ్రులకు విడమరచి చెప్పాలి.