ఘటీయంత్రం

తుంగభద్ర ఒడ్డున, సిరుగుప్ప తాలూకాలో ఉన్న కెంచనగుడ్డ వరి పండే నేల. ఆ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో ధాన్యాన్ని పైకెత్తేది బకెట్ ఎలివేటర్. దానికి ముత్తాత సంస్కృతంలోని ఘటీయంత్రం.

ఘటి అంటే చిన్న కుండ. అడుగున చిల్లి పెట్టిన గిన్నె నీట మునిగేంత కాలం ఘటిక. అదే మన గడియ, 24 నిమిషాలు. గడియారమూ ఆ ఇంటి బిడ్డే.

బావుల మీద కుండల దండను తిప్పే ఘటీయంత్రాన్ని లాహోరు ప్రాంతంలో చూసి బాబరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఎద్దు తిప్పే చక్రం పళ్లు పక్క చక్రం పళ్లను తోస్తే, పైనున్న కుండల చక్రం తిరుగుతుంది. ఉత్తరాదిలో అది రహట్. ఆ మాటకు మూలం అరఘట్టం. అర అంటే చక్రపు ఆకు.

మిల్లులో కుండల దండకు బదులు బకెట్లు బిగించిన బెల్టు. ఎద్దు పని మోటారుది, పళ్ల పని గేర్‌బాక్సుది. మోటారు సాధారణంగా పై పుల్లీనే తిప్పుతుంది. గింజల బరువుకు బెల్టు అక్కడ బిగుసుకుని జారదు. కరెంటు పోతే మాత్రం నిండిన బకెట్లు కిందికి లాగుతాయి. బెల్టు వెనక్కి తిరగకుండా బ్యాక్‌స్టాప్ పట్టి ఆపుతుంది. పంజాబు రహట్‌కు ఇదే కాపలా కాసే చెక్కముక్క టకటకమంటూ ఉండేది. దాన్ని అక్కడివాళ్లు కుత్తా, అంటే కుక్క, అనేవాళ్లు.