సిద్దిపేట సీమ నేలలు – పైరున కందు పోషకములు

సిద్దిపేట ప్రాంతపు రైతు నేలను పేరుపెట్టి పిలుచును. ఎఱ్ఱనిది చల్క, నల్లనిది రేగడి, తెల్లగా ఉప్పు పూసినది చౌడు. రసాయనశాస్త్రము రాక పూర్వమే పుట్టిన ఈ పేళ్లలో ఆ శాస్త్రము చాలవఱకు ఇమిడియున్నది. చల్క నేల గ్రానైటు రాతి శిథిలము. అందు ఇసుక హెచ్చు, బంక తక్కువ. కావున వేసిన యెరువులోని నత్రజని వాననీటితో అడుగునకు దిగిపోవును. రేగడియందు బంకమన్ను మెండు. అది పోషకములను పట్టియుంచును గాని, సున్నపు పాలు అధికమైనచో కొన్నిటిని విడువదు.

వేసవిలో చెరువులెండగానే పూడికమన్ను బండ్ల కెత్తి చల్కలకు తోలుట ఈ సీమలో తరతరముల యాచారము. పాటిమన్ను చల్లుట, గొఱ్ఱెల మందలను చేలలో నిలుపుట కూడ అట్టివే. పూడికమన్ను ఏల మేలు చేయునో 1850లో ఇంగ్లండున జె. టి. వే అను రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగముల వలన కొంత తెలిసినది. అమ్మోనియా లవణము కలిసిన నీటిని మంటిగుండ వడగట్టగా, అమ్మోనియా మంటిలో నిలిచి, దానికి బదులు సున్నము వెలువడినది. ఈ మారకమునకు ముఖ్యాధారము బంకయే. చెరువులోని మన్నో, మీది చేలనుండి వానకు కొట్టుకొనివచ్చినదే. రైతు తన సొత్తును తానే మరల తెచ్చుకొనుచున్నాడన్నమాట! 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయింప మొదలిడినపుడు ఆ మన్నును రైతులు తమ చేలకు తోలుకొనిరి.

భాస్వరపు కథ వేఱు. ఆమ్లగుణము హెచ్చిన నేలలో అది ఇనుముతోను అల్యూమినియముతోను, సున్నపు నేలలో కాల్షియముతోను కలిసి గట్టిపడును. ఉదజని సూచిక 6.5, 7.5ల నడుమ నున్నపుడు వేళ్లకు సులభముగా నందును. కొట్టున ధాన్యమున్నను తాళము పడినచో ఇల్లా లేమి వండగలదు? నేలలో నున్న దెంత, మొక్కకు దక్కున దెంత యను తేడాను తెలియుటకే 1954లో అమెరికాలో ఓల్సెన్ మున్నగువారు సోడియం బైకార్బొనేటు ద్రావణముతో భాస్వరమును పరీక్షించు పద్ధతిని ప్రకటించిరి.

వరిమడిలో నీరు నిలువగనే నేల స్థితి మాఱును. గాలి యందక ఇనుము కరగు రూపము పొంది, దాని నంటియున్న భాస్వరము కొంత విడివడును. చెరువుక్రింది వరికి ఇది లాభమే. కాని అదే నీటివలన జింకు దొరకుట తగ్గును. నాట్లు వేసిన రెండుమూడు వారములకు ఆకులపై తుప్పురంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారును. ఉత్తరదేశపు తరాయి భూములలో దీనిని ఖైరా తెగులనిరి. 1966లో, నాడు ఉత్తరప్రదేశములో నుండిన పంత్‌నగరమున, వై. ఎల్. నెనె ఇది క్రిమివలన కాదనియు, జింకు కొఱత యనియు నిరూపించెను. తెగుళ్ల శాస్త్రజ్ఞుడే తెగులు కాదని తేల్చుట విశేషము. ఆయన పిదప పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో పనిచేసెను. 1972లో ఆ సంస్థ వెలసినపుడు పటాన్‌చెరువు, సిద్దిపేట రెండును మెదక్ జిల్లాలోనివే. సిద్దిపేట వేఱు జిల్లా అయినది 2016లో.

పైరు ఎఱ్ఱబడినదని మరికొంత డి.ఏ.పి. చల్లిన రైతునకు అప్పు పెరుగును, రోగమును పెరుగును. భాస్వరము మితిమీరినచోట జింకు మొక్కకు మఱింత కఱవగును. కావుననే ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటును దమ్ములో వేయుమని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిని భాస్వరపు టెరువుతో కలుపరాదు. రెంటి నడుమ రెండుమూడు దినముల యెడముండవలెను. పైరుపై మచ్చలు కనబడిన మీదట లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, కొన్ని దినముల యెడముతో రెండుమూడు మార్లు పిచికారి చేయుదురు.