యుజీనియా

తొలకరి వేళకు రాజాం అంగడివీథిలో గంపల నిండ నేరేడుపండ్లు దిగును. ఆ నేరేటికిని, పెరటి జామకును దాయాదియైన పొద యొకటి తూర్పుతీరపు ఇసుకనేలలయందును, తుప్పలయందును పెరుగుచున్నను, దానిని పేరుపెట్టి పిలుచువా రరుదు. శాస్త్రజ్ఞులు దానిని ‘యుజీనియా రాక్స్‌బర్గీ’ యందురు.

ఇందు ఉత్తరపదము, సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలకు చిత్రములు వ్రాయించి, 1795 మొదలు గ్రంథముగా వెలయించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గును స్మరింపజేయును. పూర్వపదము, వియన్నాలో బెల్వెడేర్ ఉద్యానమును నిర్మింపజేసిన సవాయ్ రాజకుమారుడు యుజీనుది (1663–1736). 1729లో ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు మికేలి ఆయన గౌరవార్థ మీ నామమును కల్పింపగా, 1753లో లినేయసు దానిని స్వీకరించెను. తురుష్కులతో పోరిన సేనాని పేరు మన తుప్పల నడుమ చేరుట నాకు వినోదముగనే తోచును.

ఒకప్పుడు నేరేటిని గూడ ‘యుజీనియా జంబొలానా’ యనియే వ్రాసిరి. పిమ్మట దానిని ‘సిజీజియం’ అను ప్రజాతిలో చేర్చిరి. జోడుగూడిన దని ఆ గ్రీకుమాటకు అర్థము. నేరేటిపూవు రేకులు ఒండొంటి నంటుకొని ఒక్కమాటుగ రాలిపోవును. ఈ పొద పూవునందో, నాలుగు తెల్లని రేకులు విడివిడిగ విచ్చుకొనును, నడుమ కేసరము లసంఖ్యాకములు. ఆకును ఎండకెత్తి చూచిన సూదిమొనతో పొడిచినట్లు తైలబిందువులు మెఱయును. గుండ్రని చిఱుపండు కొనను, జామకాయకు వలెనే, రక్షకపత్రములు వీడక నిలిచియుండును.